వచ్చినవారిని పంపినదెవరు?



వేములవాడలో శ్రీ రాజరాజేశ్వరస్వామివారి కోవెల ముందు ఒక సోమవారము ఉదయమున కూర్చుండి చూచినవానికి జనప్రవాహము కనబడును గాని, ఆ జనము ఏ యే యూళ్ల నుండి, ఎవరి మాటమీద వచ్చినదో కనబడదు. కోడె మొక్కు చెల్లించువారి చీటీలను లెక్కించినచో ఆ దినము ఎందఱు కోడెను పట్టుకొని గుడి చుట్టు తిరిగిరో తెలియును. అట్లు తిరిగినవాడు తన మొక్కు తీర్చుకొన వచ్చెనా, తల్లి మొక్కిన మొక్కు చెల్లింప వచ్చెనా, పొరుగింటివాని మాట విని వచ్చెనా అనునది చీటిమీద వ్రాసియుండదు. అడిగిననే తెలియును.

అడుగక లెక్కించుటలోని పొరపాటునకు మన ప్రాంతముననే యొక యుదాహరణము గలదు. రెండేండ్లకొకమాఱు మాఘమాసమున మేడారములో సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. ఆ జాతరకు పోవువారిలో ననేకులు ముందుగా వేములవాడ రాజన్నను దర్శించి పోవుట ఆచారము. 2024లో ఆ పెద్దజాతర జరిగినది, 2025లో లేదు. ఈ సంగతి యెఱుగనివాడు ఆ రెండు సంవత్సరముల మాఘమాసపు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినయెడల, రాజన్నయందు జనులకు భక్తి ఒక యేట పెరిగి మఱుసటి యేట తఱిగెనని తలపోయవచ్చును. లెక్క తప్పుగాదు; జనమును పంపినది మేడారమని తెలియకపోవుటయే తప్పు.

నేడు నేను ముచ్చటింప దలచినది ఈ ప్రశ్న యొక్క చరిత్రను గుఱించియే. వచ్చినవారిని పంపినదెవరు? ఈ ప్రశ్నను మన పూర్వులు శిలమీదను, తామ్రపత్రముమీదను, కాగితముమీదను వ్రాసి పెట్టిరి. ఇప్పుడు అంతర్జాలములో వెబ్‌సైటులు నడుపువారు కూడ ఇదే ప్రశ్న నడుగుచున్నారు. ఇటీవల కృత్రిమ మేధ సహాయకములని పిలువబడు యంత్రములు పుట్టి, మనుష్యుల ప్రశ్నలకు తామే యుత్తరములు చెప్పుచు, అప్పుడప్పుడు కొందఱిని మూలమైన పుటల కడకు పంపుచున్నవి. ఆ పంపబడినవారి జాడ తీయుట యెట్లు, దానివలన మన కేమి ప్రయోజనము అని మీరు అడుగవచ్చును. ఇది పట్టణపు వర్తకుల గొడవ యని నేనును కొంతకాలము తలచితిని. అది నా భ్రమ యని తెలిసిన విధమును ముందు చెప్పెదను.

మొదట పాతకాలపు సంగతి. పది శతాబ్దముల క్రిందట వేములవాడకు లేంబులపాటకమని పేరు. రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యులలో నొక శాఖవారు ఇచ్చట నుండి పాలించిరి. వారిలో రెండవ అరికేసరి యాస్థానమున పంపకవి యుండెను. అతడు కన్నడములో 941వ సంవత్సరమున ఆదిపురాణమును రచించెను. తన ప్రభువును అర్జునునితో పోల్చి విక్రమార్జునవిజయమును రచించెను. కన్నడిగులు అతనిని ఆదికవియని కొనియాడుదురు. అతని తమ్ముడు జినవల్లభుడు. కరీంనగరము జిల్లా గంగాధర మండలములో కురిక్యాల యను గ్రామము కలదు. ఆ సమీపమున బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూటియందును శాసనము చెక్కించెను. అందు మూడు తెలుగు కందపద్యములు గలవు. పదవ శతాబ్దము నడుమనాటి ఆ పద్యములు తెలుగు పద్యచరిత్రకు మొదటి మెట్లలోనివి.

ఆ శాసనములో నా మనస్సును పట్టుకొన్న విషయము మఱియొకటి యున్నది. జినవల్లభుడు తాను చేసిన సత్కార్యములను మాత్రమే చెప్పి యూరకుండలేదు. తన తండ్రి భీమపయ్య యనియు, తల్లి అబ్బణబ్బె యనియు, తమ కుటుంబము కమ్మనాటిలోని వంగిపఱ్ఱు నుండి వచ్చినదనియు, తన యన్న పంపనికి అరికేసరి ధర్మపురమను నగ్రహార మిచ్చెననియు చెక్కించెను. అనగా వచ్చిన చోటును, ఆదరించినవాని పేరును విడువక చెప్పెను. ఈ కొలది మాటలే లేకున్నచో, కన్నడ ఆదికవి కుటుంబము కమ్మనాటి తెలుగునేల నుండి కదలి మన కరీంనగరము సీమకు వచ్చినదని నేడు ఇంత నిశ్చయముగా చెప్పగలిగెడివారము గాము.

ఇట్టిదే మఱొకటి. 966వ సంవత్సరమున, అనగా శకవర్షము 888లో, మూడవ అరికేసరి ఒక గ్రామమును దానము చేసి రాగిరేకులమీద వ్రాయించెను. ఆ రేకులు వెలుగుచూచినది నేడు మహారాష్ట్రములోనున్న పర్భనీలో. అందుచే పండితులు దానిని పర్భనీ తామ్రశాసన మందురు. ఊరు విడిచి అంత దూరము పోయినను ఆ రేకులు తమ జన్మస్థానమును మఱవలేదు. లేంబులపాటకమున బద్దెగుడు కట్టించిన శుభధామ జినాలయమునకు ఈ దానము చేయబడెననియు, దానిని గ్రహించినవాడు సోమదేవసూరి యనియు అందు వ్రాసియున్నది. కావుననే పర్భనీలో దొరకిన రేకు వేములవాడ చరిత్రకు ఆధారమైనది. వస్తువు ఎంత దూరము తిరిగినను, ఎచ్చట నుండి బయలుదేరినదో దానిమీద వ్రాసియున్నయెడల మరల తన యింటికి చేరగలదు. వ్రాయకున్నచో దొరకినవాని సొత్తగును.

ఇక కాగితపు కాలము. నా చిన్ననాట మాకు దగ్గఱనున్న యొక సత్రములో గుమాస్తా యొద్ద పొడుగాటి చిట్టా యుండెడిది. అందు ఐదు గడులు: తేది, యజమాని పేరు, ఊరు, వెంటనున్న జనము, సిఫారసు. మొదటి నాలుగు గడులు నింపుట సులభము. ఐదవ గడి కడ గుమాస్తా కలము నిలిపి, “ఎవరు చెప్పి పంపిండ్రు?” అని యడిగెడివాడు. ఒకడు తమ యూరి పటేలు పేరు చెప్పును. మఱియొకడు నిరుడు వచ్చిన వియ్యంకుని పేరు చెప్పును. ఇంకొకడు ఎవ్వరును పంపలేదు, తోవలో తెలిసి వచ్చితిననును. ఈ గడి దేనికని నేనొకనాడు అడిగితిని. ఆయన చెప్పిన మాట నాకు నేటికిని జ్ఞాపకమున్నది. ఏ యూరివారు తృప్తిపడి పోయిరో ఆ యూరినుండి మఱునాటి యేడు జనము వచ్చుననియు, ఏ యూరి పేరు చిట్టాలో నిలిచిపోవునో ఆ యూరివారికి సత్రములో నేదో లోపము జరిగినదని తెలిసికొనవలెననియు ఆయన చెప్పెను. సిఫారసు గడి గొప్ప చెప్పుకొనుటకు గాదు, తమ లోపము తమకు తెలియుటకు.

ఇప్పుడు అంతర్జాలమునకు వత్తము. 1989లో టిమ్ బెర్నర్స్ లీ యను నాంగ్లేయుడు జెనీవా నగరము కడనున్న సెర్న్ పరిశోధనాలయములో, ఒక కంప్యూటరులోని పుటనుండి మఱియొక కంప్యూటరులోని పుటకు పోవు మార్గమును ప్రతిపాదించెను. 1991లో అది లోకమునకు తెఱవబడెను. ఇట్లు ఒక పుటనుండి మఱొక పుటకు తీసికొనిపోవు ముడినే లింకు అందురు. మనము సెల్‌ఫోనులో ఒక పుటను తెఱచినప్పుడు, ఆ పుటను దాచియుంచిన సర్వరను యంత్రమునకు మన ఫోను ఒక విన్నపము పంపును. సర్వరు ఆ విన్నపమును తన చిట్టాలో ఒక పంక్తిగా వ్రాసికొనును. ఏ వేళకు వచ్చెను, ఏ సంఖ్యగల యంత్రమునుండి వచ్చెను, ఏ పుట అడిగెను, తన పేరేమని చెప్పుకొనెను, ఇంతకుముందు ఏ పుటలో నుండెను అనునవి అందలి గడులు. చివర చెప్పినదే మన సత్రపు సిఫారసు గడి. ఆంగ్లములో దానిని రెఫరర్ అందురు. 1996లో ప్రకటించిన నిబంధన పత్రములో ఆ పదము ఒక అక్షరము లోపించి తప్పుగా వ్రాయబడినది. అప్పటికే యంత్రములన్నియు ఆ తప్పునకు అలవాటుపడినందున నేటికిని లోకమంతట ఆ తప్పు రూపమే నడుచుచున్నది. శిల్పి ఉలి జాఱిన యక్షరము రాతిలో నిలిచినట్లు అది నిలిచినది.

చిట్టాలో పేరు వ్రాయబడిన వారందఱును మనుష్యులు కారు. పుటలను చదివి పట్టికలు కట్టుటకు తిరుగు యంత్రములు మొదటినుండియు గలవు. 1994లో మార్టిన్ కోస్టర్ అను నతడు, ఏ గదిలోనికి యంత్రములు రాగూడదో తెలుపు చిన్న ప్రకటన పత్రమును ప్రతి వెబ్‌సైటు వాకిట నుంచు పద్ధతిని ప్రతిపాదించెను. అది గోడమీద వ్రాసిన హెచ్చరికవంటిది. మర్యాదగల యంత్రము చదివి తొలగును, తక్కినది చదువకయే చొచ్చును.

1998లో గూగుల్ సంస్థ పుట్టెను. అప్పటినుండి వెదకుట కలవాటుపడిన జనులను పుటల కడకు పంపుటలో దాని దగ్గఱనే పెద్దభాగము నిలిచెను. 2005లో ఆ సంస్థ అర్చిన్ అను చిట్టాల సంస్థను కొని, అదే సంవత్సరము నవంబరులో వెబ్‌సైటుల రాకపోకలను లెక్కించు సాధనమును అందఱికి నుచితముగా నిచ్చెను. అర్చిన్‌వారి నాటినుండియే యొక యుపాయము వాడుకలో నున్నది. లింకు చిరునామా తోకకు “ఫలానివారు పంపిరి” అను చిన్న గుఱుతు తగిలింతురు. యాత్రికుని చేత పటేలు చీటి యిచ్చి పంపినట్లు, ఆ గుఱుతు అతనితో కూడ వచ్చి చిట్టాలో పడును. దానిని యుటిఎం గుఱుతు అందురు. సిఫారసు గడి శూన్యముగా నున్నను ఈ చీటి ఉన్నయెడల పంపినవాడు తెలియును.

2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ యను సహాయకము లోకమునకు వచ్చెను. ప్రశ్న అడిగిన మనుష్యుని భాషలోనే ఉత్తరము చెప్పుట దాని విద్య. తొలినాళ్లలో అది ముందే చదివిన దానినుండి ఉత్తరము చెప్పెడిది; ఎవ్వరిని ఏ పుటకును పంపెడిది గాదు. పిమ్మట పెర్‌ప్లెక్సిటీ, జెమిని, కోపైలట్, క్లాడ్ మున్నగునవి వచ్చినవి. క్రమముగా ఇవి ప్రశ్న అడిగిన క్షణముననే అంతర్జాలములో వెదకి, ఉత్తరము క్రింద ఆధారముల లింకులను చూపుట నేర్చినవి. 2024 మే మాసమున గూగుల్ సంస్థ అమెరికాలో తన వెదకులాట ఫలితములకు పైన యంత్రము వ్రాసిన సంగ్రహమును చూపుట మొదలిడి, ఆగస్టులో దానిని భారతదేశమునకు విస్తరించెను. అదే సంవత్సరము అక్టోబరు 31న చాట్‌జీపీటీలో వెదకులాటకు ప్రత్యేకమైన సౌకర్యము ఏర్పడెను.

దీనితో చిట్టా చదువుట కష్టమైనది. ఇప్పుడు వచ్చువారు మూడు విధములు. మొదటిది, తన విద్యను పెంచుకొనుటకై పుటలను చదివి పోవు యంత్రము. రెండవది, ఎచ్చటనో యొక మనుష్యుడు ప్రశ్న అడుగగా, అతని పక్షమున ఆ క్షణముననే వచ్చి చదివి పోవు దూత. మూడవది, ఉత్తరము చదివి, లింకు నొక్కి, స్వయముగా వచ్చిన మనుష్యుడు. చాట్‌జీపీటీని నడుపు ఓపెన్ఏఐ సంస్థ ఈ పనులకు వేర్వేఱు పేర్లు పెట్టినది. చదువు కొఱకు వచ్చు యంత్రము జీపీటీబాట్ అని పేరు చెప్పుకొనును. మనుష్యుని ప్రశ్నకై వచ్చునది చాట్‌జీపీటీ యూజర్ అని చెప్పుకొనును. పేరు చెప్పుకొన్నంత మాత్రమున నమ్మరాదు. ఆ పేరు పెట్టుకొని మోసగాండ్రును రావచ్చును. కావున సంస్థవారు ప్రకటించిన యంత్రసంఖ్యలతో చిట్టాలోని సంఖ్యను సరిచూడవలెను.

మనుష్యుని రాకను పోల్చుటకు రెండు గుఱుతులు గలవు. ఒకటి, సిఫారసు గడిలో ఆ సహాయకముయొక్క వెబ్‌సైటు పేరుండుట. ఆ పేర్లనన్నిటిని ఒక జాబితాగా గూర్చి, ఆ పేర్లతో వచ్చినవారిని వేఱొక పద్దుక్రింద లెక్కించుట నేడు వాడుకయైనది. రెండవది, నే జెప్పిన చీటి. చాట్‌జీపీటీ తాను చూపు లింకులలో ననేకమునకు తన పేరుగల యుటిఎం గుఱుతు తగిలించుచున్నది.

ఐనను ఈ లెక్క పూర్ణము గాదు. సెల్‌ఫోనులోని యాప్‌నుండి లింకు నొక్కినప్పుడు సిఫారసు గడి తఱచు శూన్యముగా వచ్చును. లింకును నకలు తీసి మఱియొకచోట అతికించి తెఱచినను శూన్యమే. అట్టివారిని లెక్కసాధనములు “నేరుగా వచ్చినవారు” అను పద్దులో వేయును. సత్రపు చిట్టాలో “తోవలో తెలిసి వచ్చితిని” అన్నవానితో సమానము. గూగుల్ చూపు సంగ్రహమునుండి వచ్చినవానికి గూగుల్ పేరే యుండును. సంగ్రహము చదివి వచ్చెనా, క్రిందనున్న మామూలు ఫలితమును నొక్కి వచ్చెనా అని ఆ పేరు చెప్పదు. అన్నిటికంటె పెద్ద లోటు వేఱొకటి. ఉత్తరము చదివి, దానితో తృప్తిపడి, మూలపుటకు రానివాడు ఏ చిట్టాలోను పడడు. రానివానిని లెక్కించు గడి ఏ సత్రములోను లేదు.

ఇది నాకెట్లు తగిలినదో చెప్పెదను. నేను కొన్నియేండ్లుగా వేములవాడ పరిసరముల శాసనములను గుఱించి యొక చిన్న వెబ్‌సైటులో పుటలు వ్రాయుచున్నాను. యంత్రపు పనులన్నియు మా మేనల్లుడు చూచుకొనును. మొదటి యేండ్లలో పుట చదివినవారెవరో యొకరు లేఖ వ్రాసెడివారు. “అయ్యా, మీరు శకవర్షమునకు 78 కలుపుటలో పొరబడితిరి” అని యొకరు. “మా గుట్టమీది రాతికి మీరు వేసిన చిత్రము పై క్రిందులైనది” అని మఱియొకరు. అట్టి లేఖ వచ్చిననాడు నాకు ముఖము చిన్నబోయెడిది గాని పుట బాగుపడెడిది.

గత సంవత్సరము మా వీధిలోని పదవ తరగతి బాలుడు బడిలో చదువవలసిన వ్యాసమును నాకు చూపెను. అందు “పంపకవి తండ్రి వేములవాడ భీమకవి” అని వ్రాసియున్నది. నాకు నవ్వు వచ్చెను. పంపని తండ్రి భీమపయ్య యని బొమ్మలగుట్ట శిలయే చెప్పుచున్నది. వేములవాడ భీమకవి తెలుగువారిలో కథలుగా చెప్పుకొనబడు వేఱొక కవి.

“ఇది నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?” అంటిని.

“సెల్లు చెప్పింది తాతా” అనెను.

ఫోను తెఱపించితిని. సహాయకము చెప్పిన యుత్తరము క్రింద, ఆధారమని చిన్న యక్షరములతో నొక లింకు గలదు. బాలుడు దానిని నొక్కియుండలేదు. ఇద్దఱమును కలిసి నొక్కితిమి. తెఱచుకొన్నది నా పుటయే! నవ్వు పోయినది. నేను కొన్నియేండ్ల క్రిందట ఆ పుట చివర, “వేములవాడ భీమకవి, పంపడు, జినవల్లభుడు ఒకే యింటి దీపములు” అని అలంకారముగా వ్రాసియుంటిని. ఆ యిల్లనగా వేములవాడ సీమ యని నా భావము. యంత్రము దానిని నిజమైన యిల్లనుకొని, తండ్రి కొడుకుల చుట్టఱికము కట్టెను. పంపని తండ్రి పేరు అదే పుటలో నేను చెప్పకపోవుట తప్పునకు తోడైనది.

ఆ రాత్రి మేనల్లునిచే చిట్టా తెఱపించితిని. బాలుడు ప్రశ్న అడిగిన వేళకు సరిగా ఆ సహాయకపు దూత వచ్చి ఆ పుటను చదివి పోయినట్లు ఒక పంక్తి యున్నది. బాలుని రాకకు పంక్తి లేదు. సాయంకాలము మేమిద్దఱము లింకు నొక్కిన పిమ్మటనే ఒక మనుష్యుడు వచ్చినట్లు వ్రాయబడెను. అదియు యాప్‌నుండి తెఱచుటచే సిఫారసు గడి శూన్యము. వెనుకటి పంక్తులు చూచితిమి. అట్టి దూతలు అనేకమాఱులు ఆ పుటకు వచ్చిపోయినవి. ప్రతి దూత వెనుక నొక మనుష్యుడు ప్రశ్న అడిగియుండును గదా! వారిలో ఎందఱు ఆ తప్పును నిజమని గైకొనిరో! నాకు మాత్రము లేఖ యొక్కటియు రాలేదు. వెనుకటి కాలమైనచో ఎవరో యొక పెద్దమనిషి ఆ వాక్యమును చదివి, “ఏమయ్యా, ఏ యింటి దీపములు?” అని మందలించియుండును. దూత మందలింపదు. చదివినదానిని మోసికొని పోవును.

ఆ వాక్యమును వెంటనే దిద్దితిని. కాని సత్రపు గుమాస్తా మాట నాటినుండి నన్ను విడువలేదు. సిఫారసు గడి లోపము తెలియుటకే యనియు, ఆ గడి శూన్యమైనచో మన తప్పు మనకు చేరు దారి మూసికొనిపోవుననియు అప్పుడు బోధపడెను.

నాది చిన్న పుట. పెద్ద దానిని చూడుడు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. జీతము లేక తీరిక వేళలలో వ్రాయువారే దానికి ఆధారము. మన మండలములను, గ్రామములను, గుళ్లను గుఱించి తెలుగులో చదువదగిన పుటలు అంతర్జాలములో నింత విరివిగా మఱియొకచోట దొరకుట యరుదు. అందలి ప్రతి పుటకు ఎన్ని వీక్షణములు కలిగినవో ఎవరైనను చూడవచ్చును. మనుష్యుల వీక్షణములను యంత్రములవానినుండి వేఱుచేసి చూపుదురు. ఇది చెప్పినంత సులభము గాదు. వికీపీడియాలను నడుపు వికీమీడియా ఫౌండేషను 2025లో ఒక సంగతి బయటపెట్టెను. ఆ సంవత్సరము మే, జూను మాసములలో మనుష్యులవలె కనబడిన రాకలు, ముఖ్యముగా బ్రెజిల్ దేశమునుండి, మితిమీఱి పెరిగినవి. పరీక్షించి చూడగా వానిలో పెక్కులు మనుష్యవేషము వేసిన యంత్రములని తేలినది. లెక్కను సరిదిద్దిన పిమ్మట, గడచిన కొన్ని మాసములలో మనుష్యుల వీక్షణములు పూర్వసంవత్సరపు అవే మాసములకంటె సుమారు నూటికి 8 తగ్గినవని 2025 అక్టోబరులో ప్రకటించిరి. అదే సంవత్సరము ఏప్రిల్‌లో వారు చెప్పిన మఱియొక లెక్క గలదు. మొత్తము పుటల వీక్షణములలో యంత్రముల పాలు నూటికి 35 మాత్రమే యైనను, సర్వరులకు మిక్కిలి వ్యయము కలిగించు రాకలలో యంత్రముల పాలు నూటికి 65.

అనగా ఖర్చు పెరుగుచున్నది, మనుష్యులు తగ్గుచున్నారు. మనుష్యులు తగ్గినచో కొత్తగా వ్రాయువారును, దిద్దువారును, విరాళమిచ్చువారును తగ్గుదురని ఆ సంస్థ చింతించుచున్నది. ఆ చింత న్యాయమైనది. గ్రామపు పుటను చదువ వచ్చిన పదిమందిలో నొకడు, “మా చెఱువు పేరు తప్పు వ్రాసినారే” యని దిద్దును. ఆ పదిమందికి మాఱుగా ఒక్క దూత వచ్చి పోయిన, చెఱువు పేరు ఎప్పటికిని తప్పుగానే యుండును. ఆ తప్పే పదిమందికిని ఉత్తరముగా చేరును.

సహాయకములు చెడ్డవని నేననను. చూపు మందగించిన ముసలివాడు నోటితో అడిగి చెవితో విన గలుగుచున్నాడు. వెదకుట తెలియని రైతు తన భాషలో సమాధానము పొందుచున్నాడు. నేను చెప్పునదెల్ల, ఉత్తరమునకు ఊరున్నదని మఱవరాదనియే. ఈ విషయమున మన చేతిలోని పనులు మూడు గలవు.

మీ మనుమడు ఫోనులో చూచి మీ యూరి సంగతి ఏదైన చదివి వినిపించినచో, “ఇది ఎక్కడిది బిడ్డా? ఆ పుట తెఱచి చూపు” అనుడు. ఒక్కమాఱు లింకు నొక్కుట చాలును. పుటను కాపాడువానికి ఒక మనుష్యుడు వచ్చినట్లు తెలియును. మీకును మూలములో నేమున్నదో తెలియును. తప్పున్నచో వ్రాసి పంపుడు. మీకు తెలిసిన గుట్టపేరు, కుంటపేరు, ఇంటిపేరు ఏ యంత్రమునకును మీకంటె నెక్కువగా తెలియదు.

మీ యూరి చరిత్ర వ్రాయించువారైనచో జినవల్లభుని మార్గము ననుసరింపుడు. ఊరు, మండలము, సంవత్సరము, చెప్పినవారి పేరు పుట పైభాగమున ఒకచోట వ్రాసి యూరకుండక, ముఖ్యమైన ప్రతి సంగతితో కూడ వ్రాయుడు. దూత పుటనంతటిని మోసికొని పోదు; ఒక వాక్యమును త్రుంచుకొని పోవును. ఆ త్రుంచిన వాక్యము తన యూరి పేరును తనతో తీసికొని పోవలెను. నావలె దీపముల యలంకారములు చేయకుడు.

వెబ్‌సైటు నడుపువారు చిట్టా నుంచుకొనవలెను. నెలకొకమాఱైనను సహాయకముల పద్దును, నేరుగా వచ్చినవారి పద్దును, దూతల పంక్తులను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. దూతలు తఱచుగా వచ్చు పుటలను ముందుగా దిద్దవలెను. పుట చివర “ఈ పుట మీకెట్లు తెలిసినది?” అని ఒక ప్రశ్న యుంచినచో, గడి చెప్పజాలని దానిని మనుష్యుడు చెప్పును. కాని వచ్చినవాని యింటిగుట్టు నడుగరాదు. ఇటీవలి యేండ్లనుండి ముఖ్యమైన బ్రౌజరులు సామాన్యముగా, మనుష్యుడు వెనుక చదివిన పుటయొక్క పూర్తి చిరునామాను పరులకు తెలుపక, వెబ్‌సైటు పేరు మాత్రమే తెలుపుచున్నవి. అది సరియైన మర్యాద. సత్రపు గుమాస్తా కూడ ఊరును, పంపినవానిని అడిగెడివాడు గాని, మొక్కేమని అడుగలేదు.

ఆకాశవాణిలో మాటలాడువానికి వినువారు కనబడరు. ఎదుట గోడ, చేతిలో కాగితము. ఏ రచ్చకట్టమీద, ఏ పంచపాళిలో ఎవరు విన్నారో, విని ఏమనుకొన్నారో నాకు తెలియదు. శ్రోతల యుత్తరములే మాకు చిట్టా. తపాలా ముద్రలోని యూరిపేరే మాకు సిఫారసు గడి. ఈ ప్రసంగములో తప్పేదైన మీ చెవిని బడియున్నచో, ఒక కార్డుముక్క వ్రాయుడు. మీ యూరిపేరు మాత్రము మఱవకుడు.